సముద్రపు బురదలో సీసం 24, క్రోమియం 98 వచ్చాయి, మా ఊరి చేపలు తినొచ్చా?

ముందు ప్రశ్న ఏంటో రెండు ముక్కల్లో చెప్తాను, మధ్యలో వచ్చి చదివేవాళ్ళ కోసం. ఉత్తరాంధ్ర తీరంలో వీళ్ళదో మత్స్యకార పల్లె. కుర్రాళ్ళు చందాలేసుకుని, బోటు మీద వెళ్ళి, రెండు చోట్ల సముద్రం అడుగు మట్టి తీసి ప్రైవేటు ల్యాబుకి పంపారు. మొదటి శాంపిల్ ఊరికి ఎదురుగా సుమారు 30 మీటర్ల లోతులోని మెత్తటి బురద. రెండోది బోట్లు ఆగే జెట్టీ పక్కన, గెడ్డ (చిన్న ఏరు) వచ్చి కలిసే చోట తీసిన ఇసక మట్టి. రిపోర్టు రాగానే ఒకాయన అందులోని సీసాన్ని తాగునీటి ప్రమాణంతో పోల్చి "2,400 రెట్లు ఎక్కువ" అని వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఇంకొకరు ఏదో అమెరికా పట్టిక పట్టుకొచ్చి మొదటి శాంపిల్లో నికెల్ ప్రమాదకర స్థాయి దాటిందన్నారు. ఊరంతా టెన్షన్. చేపలు తినొచ్చా, అమ్మితే కొంటారా అని అడుగుతున్నారు.

మీరు పెట్టిన అంకెలు ఇవి (అల్యూమినియం తప్ప మిగతావన్నీ పీపీఎం, అంటే కిలో ఎండు మట్టిలో ఇన్ని మిల్లీగ్రాములు అని):

మొదటి శాంపిల్, బురద: అల్యూమినియం 7.6 శాతం, క్రోమియం 98, నికెల్ 52, రాగి 38, జింకు 105, సీసం 24.
రెండో శాంపిల్, జెట్టీ: అల్యూమినియం 3.1 శాతం, క్రోమియం 60, నికెల్ 24, రాగి 58, జింకు 140, సీసం 36.

సూటిగా చెప్తాను. మీరంతా భయపడుతున్న మొదటి శాంపిల్ మామూలు బురద, అందులో కొండరాయి నుంచి వచ్చినదే తప్ప చెప్పుకోదగ్గ అదనం లేదు. ఎవరూ పట్టించుకోని రెండో శాంపిల్లోనే మనిషి చేతి లోహం కనిపిస్తోంది, అదీ ఓ మోస్తరుగా. ఇక చేపల సంగతి అంటారా, ఈ రిపోర్టు ఆ ప్రశ్నకు జవాబే చెప్పదు.

నేను ఇరవై ఏళ్ళకు పైగా ఈ బురదే పిసుకుతున్నాను కాబట్టి కారణాలు కాస్త వివరంగా రాస్తాను, ఓపిక చేసుకుని చదవండి.

ముందు ఆ 2,400 రెట్ల సంగతి తేల్చేద్దాం. తాగునీటిలో సీసం లీటరుకి 0.01 మిల్లీగ్రాము దాటకూడదని మన బీఐఎస్ ప్రమాణం. అది నీళ్ళకి, అదీ మనం తాగే నీళ్ళకి పెట్టిన హద్దు. భూమి పైపొరలోని రాయిలో సగటున 17 పీపీఎం సీసం ఉంటుంది, సృష్టి మొదలైనప్పటి నుంచీ. ఆ లెక్కన మీ పెరట్లో మట్టి, మీ ఇంటి గోడలో ఇటుక, వినాయకచవితి బొమ్మ, అన్నీ వెయ్యి రెట్లకు పైగా విషమే అవ్వాలి. రాయి లోపల పాతుకుపోయిన సీసం వేరు, నీటిలో కరిగి గొంతులోకి దిగే సీసం వేరు. ఆ మెసేజ్ పెట్టినాయన మంచి మనసుతోనే పెట్టి ఉంటారు, కానీ దాన్ని తీయించేయండి, రేపు చేపల బేరగాళ్ళ చేతిలో పడితే నష్టపోయేది మీరే.

అమెరికా పట్టిక కథ ఇంకొంచెం సున్నితమైనది, ఎందుకంటే అది నిజంగా సముద్రపు మట్టికే తయారైన పట్టిక. 1995లో అక్కడ సముద్రాల్నీ వాతావరణాన్నీ చూసే నోవా అనే ప్రభుత్వ సంస్థ శాస్త్రవేత్తలు ప్రచురించారు. ప్రతి లోహానికీ రెండు అంకెలుంటాయి: కింది అంకె లోపు ఉంటే మట్టిలో బతికే జీవులకు హాని అరుదు, పై అంకె దాటితే హాని తరచుగా కనిపించింది అని అర్థం. నికెల్‌కి ఆ అంకెలు 20.9, 51.6. మీది 52, కాబట్టి పై గీత దాటింది, గ్రూపులో గోల. కానీ ఇటు చూడండి. 1961లో టురేకియన్, వెడెపోల్ అనే ఇద్దరు ప్రపంచంలోని షేల్ రాళ్ళ సగటు లెక్కగట్టారు, షేల్ అంటే కోట్ల ఏళ్ళ కిందట గట్టిపడిన బంకమట్టి, అప్పటికి ఫ్యాక్టరీ కాదు కదా మనిషే పుట్టలేదు. అందులో నికెల్ 68. అంటే ఆ పట్టిక ప్రకారం మనిషి పుట్టకముందు బురద కూడా విషమే. క్రోమియం కూడా అంతే, పట్టికలో కింది అంకె 81, షేల్ సగటు 90. ఆ పట్టిక తయారు చేసినవాళ్ళే నికెల్ విషయంలో తమ అంకె బలహీనమని ఒప్పుకున్నారు. ఆ ముక్క మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు!

మరి ఎలా చూడాలి? అల్యూమినియంతో భాగించి చూడాలి.

దీని వెనక ఉన్న ఆలోచన చాలా సులువు. లోహాలు ఎక్కువగా బంకమట్టి రేణువుల్ని పట్టుకుని ఉంటాయి. ఇసకంటే ఎక్కువ భాగం క్వార్ట్జ్, దాంట్లో లోహాలు దాదాపు ఉండవు. ఊక కలిపిన బియ్యం బస్తా తూచి "ఇందులో బియ్యం తక్కువుంది" అంటే ఏం లాభం, ఊక తీసి చూడాలి కదా. ఇసక మన ఊక. గవ్వల పొడి కూడా ఊకే. బంకమట్టి ఎంతుందో చెప్పే గుర్తు అల్యూమినియం, ఎందుకంటే అది బంకమట్టి ఖనిజాల్లోనే భాగం, పైగా భూమిలో ఎంత ఎక్కువ ఉందంటే మామూలు కాలుష్యం దాన్ని కదపలేదు.

మీ సీసంతోనే చేసి చూపిస్తాను. మొదటి శాంపిల్: 24ని 7.6తో భాగిస్తే 3.16. షేల్‌లో సీసం 20, అల్యూమినియం 8 శాతం, భాగిస్తే 2.5. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.26. అంటే రాయి ఇవ్వాల్సిన దానికి పావు వంతు ఎక్కువ, ల్యాబు తప్పులు, స్థానిక రాయి తేడాలు కలుపుకుంటే ఇది ఏమీ కాదు. మీరు భయపడ్డ నికెల్ చేస్తే 0.8 వస్తుంది, ఒకటి కన్నా తక్కువ! క్రోమియం 1.15, జింకు 1.16, రాగి 0.9. అంతా రాయే.

ఇప్పుడు జెట్టీది. సీసం 36ని 3.1తో భాగించి, మళ్ళీ 2.5తో భాగిస్తే 4.6. జింకు 3.8. రాగి 3.3. నికెల్ మాత్రం 0.9, అది అక్కడా మామూలుగానే ఉంది. మేం సాధారణంగా 1.5 నుంచి 2 దాకా పట్టించుకోం, దాటితే ఎక్కణ్ణుంచి వస్తోందా అని వెతుకుతాం. రాగి, జింకు, సీసం మూడూ కలిసి పెరిగి నికెల్ పెరగకపోవడం చూస్తే, నాకైతే బోటు జెట్టీ అని నుదుటి మీద రాసినట్టే ఉంది. బోటు అడుగుకి నాచు, గుల్లలు పట్టకుండా వేసే రంగులో రాగి ఉంటుంది. 2008 నుంచి టిన్ను కలిపిన పాత రకం రంగులు అంతర్జాతీయంగా నిషేధం కాబట్టి ఇప్పుడు భారమంతా రాగి మీదే. ఇనుప భాగాలు తుప్పు పట్టకుండా బిగించే జింకు దిమ్మలు అరిగి అరిగి నీటిలో కలుస్తాయి, వాటి పనే అరగడం. సీసం అంటారా, వలలకి కట్టే గుండ్లు, పాత బ్యాటరీలు, గీకిన పాత రంగు పెచ్చులు. గెడ్డ మోసుకొచ్చే ఊరి మురుగు సరేసరి.

ఇక్కడ ఒక మెలిక ఉంది, నిజాయితీగా చెప్పాలి. మన తూర్పు కనుమల రాళ్ళలో, అంటే ఖొండలైటు, చార్నొకైటు, వాటి మధ్య గ్రానైటు లాంటివాటిలో పొటాషియం ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం ఉంటుంది, అది సీసాన్ని తనలో దాచుకుంటుంది. ఇసకలో ఆ ఖనిజం రేణువులు ఎక్కువుంటే సీసం లెక్క కాస్త ఉబ్బి కనిపిస్తుంది. కాబట్టి 4.6లో కొంత కొండ వాటా కావచ్చు. రాగికి, జింకుకి ఆ సాకు లేదు.

క్రోమియం గురించి నా పాత పరువు తక్కువ కథ ఒకటి. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన రోజుల్లో ఒడ్డుకి దగ్గరగా తీసిన ఒక శాంపిల్లో క్రోమియం రెండు వందలు దాటింది. తోళ్ళు శుద్ధి చెయ్యడానికి క్రోమియం వాడతారు కదా, రెండు నెలలు చుట్టుపక్కల తోళ్ళ ఫ్యాక్టరీ ఎక్కడుందా అని వెతికాను. లేదు. చివరికి మా ల్యాబులో సీనియర్ ఒకాయన ఆ ఎండిన ఇసకని తెల్ల కాగితం మీద పోసి, బలమైన అయస్కాంతం దగ్గర పెట్టి, "ఏదీ నీ ఫ్యాక్టరీ, ఇదేనా" అన్నారు. నల్ల రేణువులన్నీ లేచి అంటుకున్నాయి. భీమిలి, కళింగపట్నం, శ్రీకూర్మం వైపు నల్ల ఇసక మీరూ చూసే ఉంటారు: ఇల్మనైటు, గార్నెట్, మోనజైటు, జిర్కాన్. కొండల నుంచి వంశధార, నాగావళి, చిన్నా పెద్దా గెడ్డలు తెచ్చి పోస్తాయి, అలలు తేలికైన ఇసకని కడిగేసి బరువైన నల్లదాన్ని ఒడ్డున మిగులుస్తాయి. ఇల్మనైటులో ఇనుము, టైటానియంతో పాటు కొద్దిగా క్రోమియం, వెనేడియం ఉంటాయి. రాయిలో బందీ అయిన ఆ క్రోమియం ఏ పీతకీ చేపకీ అందదు. మీ జెట్టీ శాంపిల్లో క్రోమియం లెక్క 1.7 రావడానికి కూడా నా అనుమానం ఇదే. అయస్కాంతం పెట్టి చూడండి, ఖర్చు లేని పరీక్ష.

దీనికి తోడు ల్యాబు మట్టిని ఏ యాసిడ్‌లో కరిగించింది అన్నది రిపోర్టులో లేకపోతే ఆ రిపోర్టు సగం రిపోర్టే. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ వాడితే సిలికేటు రాయి మొత్తం కరుగుతుంది. అది ప్రమాదకరమైన యాసిడ్ కాబట్టి చాలా ల్యాబులు ఆక్వా రీజియాతో, అంటే నైట్రిక్, హైడ్రోక్లోరిక్ యాసిడ్ల మిశ్రమంతో సరిపెడతాయి, దాంతో అల్యూమినియం, క్రోమియం సగం కూడా బయటికి రాకపోవచ్చు. ఒకే బురదని రెండు ల్యాబులకి పంపితే క్రోమియం ఒకచోట 60, ఒకచోట 110 రావడం నేను చూశాను, రెండూ తప్పు కాదు. మీ మొదటి శాంపిల్లో అల్యూమినియం 7.6 వచ్చిందంటే పూర్తిగానే కరిగించినట్టుంది, అయినా అడగండి. అలాగే తెలిసిన విలువలున్న మట్టి, అంటే కెనడావాళ్ళు అమ్మే మెస్, పాక్స్ లాంటి రిఫరెన్స్ మట్టి, మీ శాంపిళ్ళతో పాటు నడిపారా, ఎంత శాతం తిరిగొచ్చింది అని అడగండి. ఈ ప్రశ్నకి విసుక్కునే ల్యాబు అయితే ఇంకోసారి అక్కడికి వెళ్ళకండి.

ఎంఎస్సీ, ఎంటెక్ పిల్లలు ఈ సమాధానం చదువుతుంటే వాళ్ళకో మాట. 1969 నాటి ముల్లర్ జియో-అక్యుములేషన్ సూచిక, అంటే అల్యూమినియంతో పని లేకుండా లోహాన్ని నేరుగా సహజ విలువతో పోల్చే లెక్క, మీకు ప్రాణం అని తెలుసు, ప్రతి థీసిస్‌లోనూ అదే. ఇదే జెట్టీ శాంపిల్‌కి షేల్ విలువలతో అది వేయండి: జింకు, రాగి రెండూ సున్నా కన్నా తక్కువ, అంటే "కాలుష్యం లేదు", సీసం 0.26, అంటే అటూ ఇటూ కానిది. ఎందుకంటే ఆ సూచికకి ఇసకెంతో బురదెంతో తెలీదు. కనీసం 63 మైక్రాన్ల జల్లెడ పట్టి మెత్తటి భాగాన్నే కొలిచినప్పుడు దానికో అర్థం ఉంటుంది.

శాంపిల్ తీయడంలో కూడా తప్పులు జరుగుతాయి. మీరు దేంతో తీశారో రాయలేదు. ఒకసారి ఒక బ్యాచ్ మొత్తంలో జింకు వెర్రిగా ఎక్కువొచ్చింది, తీరా చూస్తే సాయం వచ్చిన కుర్రాడు గ్రాబ్ (సముద్రం అడుగు మట్టిని పట్టి పైకి తెచ్చే పనిముట్టు) లోంచి బురదని జింకు పూత పూసిన బకెట్లోకి దింపాడు. నాలుగు రోజుల బోటు అద్దె గంగపాలు. గ్రాబ్ గోడకి తగలని నడిమి మట్టిని ప్లాస్టిక్ గరిటెతో తీసి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, ఐస్‌లో పెట్టి తేవాలి. మీరూ బకెట్ వాడి ఉంటే ఆ 140 జింకు మీద నేను ఒట్టేయలేను.

ఇప్పుడు అసలు ప్రశ్న, చేపలు.

బురదలో ఉన్న లోహమంతా జీవులకి అందదు. జెట్టీ దగ్గర బురద తీసినప్పుడు పైన అంగుళం మట్టి గోధుమరంగులో, కింద నల్లగా కుళ్ళిన గుడ్డు వాసనతో ఉంటుంది, చూశారా? ఆ వాసన సల్ఫైడుది. అక్కడ ఆక్సిజన్ ఉండదు, రాగి, జింకు, సీసం, కాడ్మియం సల్ఫైడుతో ముడిపడి కరగని పొడిగా కూర్చుంటాయి. ఒక రకంగా ఆ కంపు మీకు కాపలా. ఆ నల్ల బురదని డెక్ మీద గాలికి పెట్టండి, గంట రెండు గంటల్లో పైన గోధుమరంగుకి తిరుగుతుంది, సల్ఫైడు కాలిపోతున్నట్టు, ముళ్ళు విడిపోతున్నట్టు లెక్క. అందుకే నాకు మట్టిలో ఎంతుంది అన్నదాని కన్నా ఆ మట్టిని ఎవరు, ఎప్పుడు కదుపుతారు అన్నదే ఎక్కువ దిగులు. డ్రెడ్జింగ్ చేసినప్పుడు, తుఫాను తిప్పేసినప్పుడు కొంత లోహం మళ్ళీ నీటిలోకి వస్తుంది. కాడ్మియం అయితే సముద్రపు ఉప్పులోని క్లోరైడుతో జతకట్టి మరీ కరుగుతుంది. విశాఖ లోపలి హార్బరు లాంటివి, 1933 నుంచి ఓడలు తిరుగుతున్నది, మేఘాద్రి గెడ్డ వచ్చి కలిసేది, సన్నటి దారి తప్ప సముద్రంతో పెద్దగా కలగలుపు లేనిది, అలాంటి చోట తవ్విన బురద ఎక్కడ పోస్తున్నారన్నది అడగాల్సిన ప్రశ్న. మీ ఊరి ముందున్న తెరిచిన సముద్రానికి ఆ ఇబ్బంది చాలా తక్కువ, అలలు వడపోసేస్తాయి.

కానాగంతలు, కవళ్ళు పైనీటిలో తిరిగి ప్లవకాలు తినే చేపలు, వాటికి మీ జెట్టీ బురదతో పనే లేదు. పైగా రాగి, జింకు, సీసం చేప కండలో అంతగా పోగుపడవు, పోగుపడితే కాలేయంలో, మొప్పల్లో, ఎముకలో ఉంటాయి. ఆల్చిప్పలు, గుల్లలు అలా కాదు. అవి కదలవు, రోజంతా నీటిని వడకడతాయి, మట్టి రేణువుల్నీ మింగుతాయి. జెట్టీ స్తంభాలకి పట్టిన ఆల్చిప్పలు ఆ చోటు చిట్టా పుస్తకం లాంటివి. పీతల్లో కూడా కండ కన్నా డిప్ప లోపలి ముద్దలో కాడ్మియం ఎక్కువ చేరుతుంది, కొందరు దాన్నే ఇష్టంగా తింటారు, ఏం చేస్తాం.

పాదరసం ఒక్కటే వేరే జాతి. అది బురదలోని సూక్ష్మజీవుల చేతిలో మిథైల్ పాదరసంగా మారి, చిన్న చేప నుంచి పెద్ద చేపకి ఎక్కుతూ పోతుంది, వంజరం, సొర లాంటి వేటాడే చేపల కండలోనే చేరుతుంది. జపాన్‌లోని మినమాటలో 1956లో బయటపడిన జబ్బు దీనిదే, అక్కడైతే ఫ్యాక్టరీ నుంచే మిథైల్ పాదరసం నేరుగా సముద్రంలోకి వచ్చింది. 25 పీపీఎం దాటిన బురదని తవ్వి 58 హెక్టార్ల కట్టడంలో పూడ్చడానికి 1977 నుంచి 1990 దాకా పట్టింది. మీ రిపోర్టులో పాదరసం అసలు లేదు. దానికి వేరే పరీక్ష కావాలి, శాంపిల్‌ని వేడి ఓవెన్‌లో ఎండబెడితే కొంత ఎగిరిపోతుంది, ముందే చెప్పి చేయించాలి.

మళ్ళీ డబ్బు ఖర్చు పెడతామంటే నా సలహా ఇది. ఇంకో బురద శాంపిల్ లోతు సముద్రంలో వద్దు. జెట్టీ నుంచి మొదలుపెట్టి బయటికి ఒక గీతలో అయిదారు చోట్ల తీయండి, గెడ్డ లోపల ఒకటి. రాగి, జింకు లెక్కలు జెట్టీ నుంచి దూరం పోయేకొద్దీ తగ్గితే మూలం జెట్టీ, గెడ్డలోకి పోయేకొద్దీ పెరిగితే మూలం ఊరు. వీలైతే ఒక చోట గొట్టం దింపి అర మీటరు నిలువు కోర్ తీయండి, అడుగున ఉన్న పాత మట్టి మీ సొంత కొలబద్ద అవుతుంది, షేల్ సగటు అవసరం ఉండదు. కోర్‌లో పైన మాంగనీసు ఎక్కువ కనిపిస్తే మాత్రం కంగారు పడొద్దు, అది కింద కరిగి పైకొచ్చి మళ్ళీ గడ్డకడుతుంది, సహజం. మట్టి మొత్తాన్ని కరిగించడంతో పాటు, పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో తేలిగ్గా ఊడి వచ్చే భాగాన్ని విడిగా కొలవమనండి. జీవులకి అందే అవకాశం ఉన్నది అదే.

అన్నిటికన్నా ముందు జెట్టీ స్తంభాల ఆల్చిప్పలు ఓ ముప్పై, దూరంగా రాళ్ళ మీదవి ఓ ముప్పై తీసి పరీక్షకి ఇవ్వండి. ఫలితం తడి బరువుకా, ఎండు బరువుకా అని తప్పకుండా అడగండి. తిండికి పెట్టిన హద్దులన్నీ తడి బరువుకే. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ హద్దు చేపలో సీసానికి కిలోకి 0.3 మిల్లీగ్రాము, ఆల్చిప్పల జాతిలో కాడ్మియానికి 2. ల్యాబు ఎండు బరువుకి ఇస్తే అంకె నాలుగైదు రెట్లు పెద్దగా కనిపిస్తుంది, అది మళ్ళీ ఎవరో గ్రూపులో పెడతారు, మళ్ళీ మొదటికి.

ఆ ఫలితం వచ్చేదాకా జెట్టీ స్తంభాల నుంచి తీసిన ఆల్చిప్పలు పిల్లలకి పెట్టకండి. కానాగంతలు, కవళ్ళు మానక్కర్లేదు, నేనైతే మీ ఊరొచ్చి తింటాను. రిపోర్టు రెండో పేజీ ఫొటో పెట్టండి, యాసిడ్ పేరు, ఎండబెట్టిన పద్ధతి సాధారణంగా అక్కడే చిన్న అక్షరాల్లో ఉంటాయి. బకెట్ దేంతో చేసిందో కూడా రాయండి.